202 వచ్చింది, మెసేజ్ రాలేదు

ఇక్కడ మాట్లాడుకునే ఇద్దరూ కల్పితులే. వీళ్లు పనిచేసే హైదరాబాదు కంపెనీ కూడా అంతే. ఆ కంపెనీ చేసే పని మాత్రం దేశంలో చాలా సంస్థలు చేస్తున్నదే: బ్యాంకులు, ఆసుపత్రులు, దుకాణాల సాఫ్ట్‌వేర్ ఒక ఏపీఐని పిలిస్తే వాళ్ల ఖాతాదారుల ఫోన్లకు ఎస్సెమ్మెస్‌లు చేరవేయడం. ఆ ఏపీఐని వాడుకునే బయటి డెవలపర్ల కోసం ఇప్పుడు కొత్త డాష్‌బోర్డు కట్టాలి. శ్రీధర్ సర్వర్ల బాధ్యత చూసే సీనియర్ ఇంజనీరు. నీలిమ డెవలపర్ సపోర్టులో రోజూ ఫిర్యాదులు వినే మనిషి. మొదటి తెర మీద ఏముండాలన్న దగ్గరే ఇద్దరికీ పేచీ వచ్చింది.

శ్రీధర్: ఇందులో ఇంత ఆలోచించేదేముంది నీలిమా? గ్రాఫులు గీసే గ్రఫానాలో మన తెరలు తయారుగా ఉన్నాయి. ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి, ఎంతసేపట్లో జవాబిస్తున్నాం, ఎన్ని ఫెయిలయ్యాయి, సర్వర్లు ఎంత నిండాయి. సర్వర్ల నిర్వహణ మీద గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన ఎస్‌ఆర్‌ఈ పుస్తకం ముందుగా చూడమన్న నాలుగు సంకేతాలూ ఇవే. వీటినే కస్టమర్‌వారీగా విడగొట్టి చూపిద్దాం. పని తొందరగా తెమిలిపోతుంది.

నీలిమ: ఆ నాలుగూ సర్వర్ నడిపేవాళ్లు చూసుకోవాల్సినవి అన్నా. మనకు ఫోన్ చేసే డెవలపరు సర్వర్ నడపడం లేదు కదా. అతను అడిగేది ఒక్కటే: ‘పొద్దున పదిన్నరకు ఫలానా నంబరుకు పంపిన మెసేజ్ ఏమైంది?’ మీ గ్రాఫులో సక్సెస్ 99.9 శాతం అని ఉంటుంది. అతని మెసేజ్ మిగిలిన పాయింట్ ఒక శాతంలో పడితే, ఆ గ్రాఫు చూసి ఏం చేసుకోవాలి?

శ్రీధర్: దానికి ఎర్రర్ కోడ్ ఇస్తూనే ఉన్నాంగా. 401 అంటే కీ తప్పు. 422 అంటే డేటా తప్పు. 429 అంటే హద్దు మీరి పిలుస్తున్నాడు. ఇవేవీ మనం సొంతంగా అల్లిన కోడ్‌లు కావు, వెబ్ ప్రమాణాల్లో ఉన్నవే. డాక్యుమెంటేషన్‌లో ప్రతిదానికీ వివరణ రాశాం. అది చదవనివాడు డాష్‌బోర్డు కట్టిస్తే మాత్రం చదువుతాడా?

నీలిమ: చదివినా తేలనివి ఉంటాయి. ఒక చిన్న రకం చెబుతా. డెవలపరు నంబరును ప్లస్ 91తో మొదలుపెట్టి యూఆర్‌ఎల్‌లో పెట్టి పంపుతాడు. మన సర్వర్ 422 ఇస్తుంది, ‘నంబరు చెల్లదు’ అంటుంది. అతను తన కోడ్ చూసుకుంటాడు, నంబరు సరిగ్గానే ఉంది. మన డాక్యుమెంటేషన్ చూస్తాడు, అందులోనూ ప్లస్ 91 అనే ఉంది. ఇక ఎక్కడ వెతకాలి?

శ్రీధర్: క్వెరీ స్ట్రింగ్‌లో ప్లస్ గుర్తును సర్వర్ ఖాళీగా చదువుకుంటుంది. దాన్ని ఎన్‌కోడ్ చేసి పంపాలి. తెలిసిన సంగతే.

నీలిమ: మీకు తెలిసిన సంగతి. అతనికి తెలియాలంటే, తాను పంపాననుకున్నది కాకుండా మనకు అందినది కనిపించాలి. డాష్‌బోర్డులో ఆ ఒక్క రిక్వెస్టు తెరిస్తే ‘మాకు అందిన నంబరు’ అన్న వరసలో మొదట ఒక ఖాళీ, ఆ తర్వాత 91 ఉండాలి. ఆ ఖాళీ కంటికి ఆనేలా బూడిదరంగు చుక్కతో చూపించాలి. ఖాళీని ఖాళీగానే చూపిస్తే ఎవరికీ కనబడదు. ఈ ఒక్క చుక్క పెడితే నాకు వచ్చే ఫోన్లు ఎన్నో తగ్గుతాయి.

శ్రీధర్: చుక్క బాగానే ఉంది. కానీ నువ్వు అడుగుతున్నది చుక్క కాదు, ప్రతి రిక్వెస్టునూ యథాతథంగా దాచిపెట్టమంటున్నావు. డిస్కు ఖర్చు సంగతి అలా ఉంచు, అది పెద్ద సమస్య కాదు. అందులో ఏముంటుందో తెలుసా? బ్యాంకు పంపే ఓటీపీ. ఆసుపత్రి పంపే పరీక్ష ఫలితం. ఓటీపీ ఇంకా చెల్లుబాటులో ఉండగానే అది మన లాగులో, మన సపోర్టు వాళ్ల తెర మీద, అవతలి కంపెనీలో డాష్‌బోర్డు పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడి తెర మీద కనిపిస్తుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చాక కూడా ఇలాంటి గిడ్డంగి కట్టుకుని కూర్చుందామా?

నీలిమ: అది ఒప్పుకోవాల్సిందే. పూర్తి మెసేజ్ నాకూ అక్కర్లేదు. అంకెలన్నీ నక్షత్రాలుగా మార్చండి. ఫోన్ నంబరులో మొదటి గుర్తు, 91, చివరి నాలుగంకెలు ఉంచండి. ఏపీఐ కీలో కూడా చివరి నాలుగే. కానీ మెసేజ్ పొడవు, ఏ లిపిలో వెళ్లింది, ఏ టెంప్లేటు వాడారు, ఏ ఫీల్డు ఖాళీగా వచ్చింది, ఇవి మాత్రం కనిపించాలి. లోపం పట్టుకోవడానికి మెసేజ్ ఆకారం తెలిస్తే చాలు, లోపలి రహస్యం అక్కర్లేదు.

శ్రీధర్: ముసుగు తెర మీద వేస్తే లాభం లేదు. లాగులోకి రాసేటప్పుడే వేయాలి. తెర మీద నక్షత్రాలు, డేటాబేసులో అసలు అంకెలు ఉంటే దొంగకు తాళం చూపించి తలుపు తెరిచిపెట్టినట్టే. లాగుకు గడువు కూడా ఉండాలి. గడువు దాటింది దానంతటదే చెరిగిపోవాలి.

నీలిమ: ఒప్పందం. ఇక నా అసలు ఫిర్యాదు. ‘202 వచ్చింది, మెసేజ్ రాలేదు’ అని నాకు ఎన్ని ఫోన్లు వస్తాయో మీరు వినలేదు.

శ్రీధర్: 202కు అర్థమే అది కదా. రిక్వెస్టు తీసుకున్నాం, పని ఇంకా పూర్తి కాలేదు అని.

నీలిమ: మరి మీ తెర మీద 202లన్నీ పచ్చగా సక్సెస్ కింద ఎందుకు లెక్కపడుతున్నాయి? మనం తీసుకున్నాం సరే. అక్కడి నుంచి టెలికాం ఆపరేటరు దగ్గరికి వెళ్లాలి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల కింద ఈ దేశంలో కంపెనీలు పంపే ప్రతి ఎస్సెమ్మెస్‌కూ ముందే ఆపరేటర్ల డీఎల్‌టీ రిజిస్టరులో టెంప్లేటు రిజిస్టరై ఉండాలి. రిజిస్టరు చేసిన వాక్యంలో ‘మీ అపాయింట్‌మెంట్’ అని ఉండగా, ఎవరో కోడ్‌లో ‘మీ బుకింగ్’ అని మార్చారనుకోండి. మన ఏపీఐ చక్కగా 202 ఇస్తుంది. ఆపరేటరు దగ్గర టెంప్లేటు కలవక మెసేజ్ ఆగిపోతుంది. మీ గ్రాఫు పచ్చ, అవతల పేషెంటుకు కబురు లేదు.

శ్రీధర్: ఆపరేటరు దగ్గర ఆగినదానికి డెలివరీ రిపోర్టు తర్వాత వెబ్‌హుక్‌లో పంపుతాం.

నీలిమ: ఆ వెబ్‌హుక్ అందుకునే యూఆర్‌ఎల్ ఆ డెవలపరు పెట్టుకోకపోతే? పెట్టుకున్నా అతని సర్వర్ పడిపోతే? అన్నా, 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడ ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం చూపించేది వాల్వు మూసుకుందా లేదా అన్నది కాదు, మూసుకోమని ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నది. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనే అనుకున్నారు. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు అందులోంచి పోతూనే ఉంది. మన 202 కూడా ఆ దీపం లాంటిదే. చెప్పిన పనిని అయిన పనిగా చూపిస్తోంది.

శ్రీధర్: పోలిక పెద్దదే గానీ, మాట కాదనలేను. అదే కేంద్రంలో ఇంకోటి కూడా జరిగింది, అదీ చెప్పు. మొదటి నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు ఒక్కసారి మోగాయి. ఏది ముఖ్యమో ఎవరికీ తెలియలేదు. నువ్వడిగినవన్నీ పెడితే మన తెర కూడా అలాగే తయారవుతుంది. అందినది, తీసుకున్నది, ఆపరేటరుకు ఇచ్చినది, ఫోన్‌కు చేరినది, వెబ్‌హుక్ పంపినది, వెబ్‌హుక్ అందినది. ఒక్కో మెసేజ్‌కు ఆరు దీపాలు!

నీలిమ: అందుకే మొదటి తెర మీద అవేవీ వద్దంటున్నాను. మొదటి తెర మీద ఒక వెతికే పెట్టె. అందులో రిక్వెస్టు ఐడీ గానీ, ఫోన్ చివరి నాలుగంకెలు గానీ కొడితే ఆ మెసేజ్ కథ తెరుచుకుంటుంది. ఎక్కడిదాకా వెళ్లింది, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. ఆగిన మెట్టు ఒక్కటే ఎర్రగా ఉంటుంది. మిగతావి మామూలు అక్షరాలు. ప్రతి జవాబు హెడర్లో మనం రిక్వెస్టు ఐడీ పంపుతూనే ఉన్నాం. పంపడమే గానీ, దాన్ని తెచ్చి అడగడానికి చోటు మాత్రం ఇవ్వలేదు.

శ్రీధర్: ఐడీ ఒకటే సరిపోదు. రిక్వెస్టు ఎక్కడెక్కడికి వెళ్లిందో గుర్తుపెట్టే ట్రేసింగ్ కస్టమర్ వైపు కూడా ఉంటే, వాళ్లు పంపే ట్రేస్‌పేరెంట్ హెడర్‌ను మన లాగులో కలుపుకోవాలి. డబ్ల్యూ3సీ ప్రమాణమే అది. అప్పుడు వాళ్ల ట్రేస్ ఐడీతో వెతికినా మన మెసేజ్ దొరుకుతుంది. ఇది నేను పెడతాను.

నీలిమ: పెట్టండి. సమయం కూడా మార్చాలి. మన లాగులన్నీ యూటీసీలో ఉన్నాయి. రాత్రి ఒంటిగంటకు ఆగిన మెసేజ్ లాగులో ముందురోజు 19:30 దగ్గర ఉంటుంది. డెవలపరు ఈ రోజు తేదీ పెట్టి వెతికి, ఏమీ లేదని నాకు ఫోన్ చేస్తాడు. భారత సమయం ముందు చూపించి, పక్కన చిన్నగా యూటీసీ ఉంచితే చాలు.

శ్రీధర్: సరే. తెలుగు మెసేజ్‌ల బిల్లు గొడవ కూడా నీ దగ్గరికే వస్తుందనుకుంటా.

నీలిమ: రాకేం! ఇంగ్లీషు అక్షరాలైతే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 పడతాయి. మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం వచ్చినా మొత్తం యూనికోడ్‌కు మారి హద్దు 70కి పడిపోతుంది. పైగా ‘స్త్రీ’ అని రాస్తే కంటికి ఒక్క అక్షరం. ఎస్సెమ్మెస్ లెక్కలో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈకారం, మొత్తం ఆరు. 140 యూనిట్ల తెలుగు మెసేజ్ రెండు భాగాలవుతుందని అందరూ అనుకుంటారు. భాగాలు కలిపే సమాచారానికి చోటు పోగా ఒక్కో భాగంలో 67 యూనిట్లే పడతాయి కనుక మూడు భాగాలవుతుంది. బిల్లు చూశాకే ఈ సంగతి తెలుస్తోంది.

శ్రీధర్: అది పంపేముందే చూపించాలి. టెస్టు పేజీలో మెసేజ్ టైపు చేస్తుంటే పక్కన భాగాల లెక్క నడుస్తుండాలి. ఏ అక్షరం వల్ల యూనికోడ్‌కు మారిందో దాని కింద గీత కూడా పడాలి. ఇంగ్లీషు మెసేజ్‌లో ఎక్కడి నుంచో కాపీ చేసిన వంకర కోట్ గుర్తు ఒకటి చాలు, బిల్లు పెరగడానికి.

నీలిమ: చూశారా, గ్రాఫులు తప్ప ఏమీ వద్దన్న మనిషి ఎంత బాగా ఆలోచిస్తున్నారో.

శ్రీధర్: గ్రాఫులు వదులుకున్నానని నేనెప్పుడన్నాను? ఇప్పుడు నా వంతు. వెతికే పెట్టె ఒక్కటే పెట్టావనుకో. ఒక రోజు అన్ని మెసేజ్‌లూ ఆగిపోతాయి. ప్రతి డెవలపరూ తన ఒక్క మెసేజ్ తెరిచి, తన కోడ్‌లోనే తప్పుందని గంటల తరబడి తవ్వుకుంటాడు. ‘ఇది నా ఒక్కడిదేనా, అందరిదీనా’ అన్న ప్రశ్నకు ఒక్క రిక్వెస్టు కథలో జవాబుండదు. దానికి గ్రాఫే కావాలి.

నీలిమ: ఆ మాట నిజం. కానీ సగటు చూపించకండి.

శ్రీధర్: సగటు ఎవరు చూపిస్తారు? సగటున పావు సెకను అని రాస్తే, అయిదు సెకన్లు ఆగినవాళ్లు దాని కింద దాక్కుంటారు. సగం రిక్వెస్టులు ఎంతలో అయ్యాయి, 99 శాతం ఎంతలో అయ్యాయి, ఈ రెండు గీతలే గీస్తాను. ఆ చివరి ఒక శాతం చిన్నదిగా అనిపిస్తుంది గానీ, ఒక ప్రోగ్రాం వంద రిక్వెస్టులు ఒకేసారి పంపి అన్నీ వచ్చేదాకా ఆగిందనుకో. ఒక్కోటి నూటికి ఒకసారి ఆలస్యమైతే, నూటికి 63 సార్లు ఆ ప్రోగ్రాం మొత్తం ఆలస్యమవుతుంది. గూగుల్‌కు చెందిన జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన వ్యాసంలో వేసిన లెక్క ఇది. ‘మీ ఏపీఐ నిదానం’ అని నీకు ఫోన్ చేసేవాళ్లలో కొందరి కథ ఇదే. ఒక్క రిక్వెస్టు తెరిచి చూస్తే అది ఎప్పటికీ బయటపడదు.

నీలిమ: అయితే ఆ గీతలు వెతికే పెట్టె కింద ఉండనివ్వండి. పైన ఒకే వాక్యం ఉండాలి: ‘ప్రస్తుతం మా వైపు సమస్య ఏదీ లేదు’ అనో, ‘ఫలానా ఆపరేటరుకు వెళ్లే మెసేజ్‌లు 11:20 నుంచి ఆలస్యమవుతున్నాయి’ అనో.

శ్రీధర్: ఆ వాక్యం ఎక్కడ నడుస్తుందో కూడా చూసుకోవాలి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 పడిపోయింది. ఒక ఇంజనీరు ఇచ్చిన కమాండులో పొరపాటు వల్ల తీయాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేశారు. ఆ సంగతి చెప్పాల్సిన వాళ్ల స్టేటస్ డాష్‌బోర్డును మార్చే కన్సోల్ కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉంది. దాదాపు రెండు గంటలపాటు ఒక్కో సర్వీసు స్థితిని మార్చలేకపోయారు. చివరికి ట్విట్టర్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. పిల్లికి ఎలుక సాక్ష్యం అంటే ఇదే. మన స్టేటస్ పేజీ మన సర్వర్ల మీద ఉండకూడదు. వేరే చోట, వేరే ఖాతాలో ఉండాలి.

నీలిమ: అది మీ చేతిలో పని. ఇక నేనొకటి అడుగుతా, కోప్పడకండి. కథ తెరిచినప్పుడు మెసేజ్ దగ్గర ‘మళ్లీ పంపు’ అని బటన్ పెడదాం.

శ్రీధర్: వద్దు. ఇంకా దారిలో ఉన్న మెసేజ్‌ను మళ్లీ పంపితే రెండూ చేరతాయి. ఖాతాదారుడికి ఒకే మెసేజ్ రెండుసార్లు, కస్టమర్‌కు రెట్టింపు బిల్లు, నీకు ఇంకో ఫోను. రెండోసారి వచ్చినదాన్ని గుర్తుపట్టి ఆపే ఐడెంపొటెన్సీ కీ మన ఏపీఐలో ఇంకా లేదు. అది వచ్చేదాకా ఆ బటన్ వద్దు.

నీలిమ: అయితే ఆ రిక్వెస్టును కర్ల్ కమాండుగా కాపీ చేసుకునే బటన్ ఇవ్వండి. అసలు కీ స్థానంలో టెస్టు కీ ఉంటుంది కనుక మెసేజ్ నిజంగా పోదు. డెవలపరు తన మెషీన్లో నడిపి, ఒక్కో ఫీల్డూ మార్చి చూసుకుంటాడు.

శ్రీధర్: అది బాగుంది. నష్టం లేదు, లాభం ఉంది.

నీలిమ: చివరిది. మెసేజ్ ఆగిన మెట్టు పక్కన, తప్పు ఎవరిదో కూడా రాయాలి. ‘మీ రిక్వెస్టులో లోపం’, ‘మా సర్వర్లో లోపం’, ‘ఆపరేటరు తిరస్కరించారు’. ఈ మూడింటిలో ఒకటి.

శ్రీధర్: ఇక్కడ మాత్రం నేను రాను. ‘మా లోపం’ అని మన చేత్తో రాసిచ్చాక, కాంట్రాక్టులో ఉన్న జరిమానా షరతు పట్టుకుని వస్తారు. ఆపరేటరు పేరు పెడితే వాళ్లూ ఊరుకోరు.

నీలిమ: యూపీఐలో జరిగేదేమిటన్నా? దాన్ని నడిపే ఎన్‌పీసీఐ నెలనెలా బ్యాంకుల వారీగా రెండు లెక్కలు బయటపెడుతుంది. టెక్నికల్ డిక్లైన్లు ఎన్ని, బిజినెస్ డిక్లైన్లు ఎన్ని. పిన్ తప్పు కొట్టడం, ఖాతాలో డబ్బు లేకపోవడం బిజినెస్ కింద. సిస్టమ్ పనిచేయకపోవడం టెక్నికల్ కింద. తప్పు వాడుకరిదా, యంత్రానిదా అన్నది విడగొట్టి చెప్పినందువల్ల యూపీఐ ఏమీ మూతపడలేదు.

శ్రీధర్: ఎన్‌పీసీఐ మధ్యలో ఉన్న సంస్థ, నియమాలు పెట్టేది అదే. బ్యాంకులు దాని మాట వినక తప్పదు. మనం ఆపరేటర్ల ముందు చేయి చాచేవాళ్లం. పేర్లు పెట్టి పట్టిక వేయలేం.

నీలిమ: పట్టిక అడగలేదు నేను. ఆ ఒక్క మెసేజ్‌కు ఆ ఒక్క కారణం. అది రాయకపోతే ఏమవుతుందో రోజూ చూస్తున్నాను. డెవలపరు మనల్ని అంటాడు, మనం ఆపరేటరును అంటాం, ఆపరేటరు టెంప్లేటును అంటాడు. తిలాపాపం తలా పిడికెడు పంచుకుని అందరం బాగానే ఉంటాం. మెసేజ్ మాత్రం చేరదు.

శ్రీధర్: 4తో మొదలయ్యే కోడ్ పంపినవాడి లోపం, 5తో మొదలయ్యేది మన లోపం. 500 పంపినప్పుడే మనం ఒప్పేసుకున్నట్టు లెక్క. అంతవరకు తెర మీద మాటల్లో రాస్తాను. ఆపరేటరు సంగతి లీగల్ వాళ్లను అడగాలి.

నీలిమ: అడగండి. కానీ అడిగేటప్పుడు, ‘రాయవచ్చా’ అని కాదు, ‘రాయకపోతే కస్టమర్‌కు ఏం జవాబు చెప్పాలి’ అని అడగండి.

ఈ వాదనలో నా మొగ్గు నీలిమ వైపే. బయటి డెవలపరుకు కావలసింది సర్వర్ల ఆరోగ్యం కాదు, తన ఒక్క రిక్వెస్టు గతి. అయితే ముసుగు లాగులోనే వేయాలన్నది, స్టేటస్ పేజీ వేరే చోట ఉండాలన్నది, మళ్లీ పంపే బటన్ ప్రమాదమన్నది శ్రీధర్ చెప్పకపోతే ఆమె డాష్‌బోర్డు మొదటి నెలలోనే కొత్త సమస్యలు తెచ్చేది. సర్వర్ నడిపేవాళ్లు, ఫోన్ ఎత్తేవాళ్లు కలిసి కూర్చోకుండా ఈ పని ఏ కంపెనీలోనూ కుదరదు. మీ దగ్గర కూడా ఇలాంటి డాష్‌బోర్డు ఉంటే, మీ సపోర్టుకు వచ్చిన చివరి పది ఫిర్యాదులు తీసుకోండి. వాటిలో ఎన్నింటికి ఆ డెవలపరు తెర చూసుకుని, ఎవరికీ ఫోన్ చేయకుండా జవాబు కనుక్కోగలడో లెక్కపెట్టండి. కనుక్కోలేని ప్రతి ఫిర్యాదుకూ ముందు చోటు చేయండి. కొత్త గ్రాఫులు ఆ తర్వాత చూసుకోవచ్చు.